సముద్రం దాటిన శోకం: స్కాట్లండ్ గేలిక్ వలసదారుల పాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గేలిక్ అంటే ఇంగ్లీషులో ఒక యాస కాదా?

కాదు. అది పూర్తిగా వేరే భాష. ఐర్లండ్ వారి ఐరిష్ భాషకు తోబుట్టువు. మాట్లాడేవాళ్లు దాన్ని తమ నోట ‘గాలిక్’ అంటారు. స్కాట్లండ్ ఉత్తర, పశ్చిమ కొండసీమలైన హైలాండ్స్‌లోనూ, సముద్రంలో విసిరేసినట్టు ఉండే హెబ్రిడీస్ దీవుల్లోనూ ఒకప్పుడు అది ఇంటింటి భాష. స్కాట్లండ్ వాళ్లందరికీ అదే మాతృభాష అనుకోవడం కూడా పొరపాటే. రాబర్ట్ బర్న్స్ కవిత్వం రాసిన స్కాట్స్ భాషకు ఇంగ్లీషుతో చుట్టరికం ఉంది, గేలిక్‌తో లేదు. ఇక్కడ మనం మాట్లాడుకునేది గేలిక్ పాటల గురించి, వాటిలోనూ ముఖ్యంగా కెనడాలోని నోవా స్కోషియాకు, దాని తూర్పు కొసన ఉన్న కేప్ బ్రెటన్ దీవికి చేరిన పాటల గురించి.

వీళ్లు ఊళ్లు విడిచి ఎందుకు వెళ్లారు?

1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో హైలాండ్ సేన ఓడిపోయింది. ఆ తర్వాత తెగ పెద్దలు మెల్లగా భూస్వాములయ్యారు. తమ పేరే ఇంటిపేరుగా పెట్టుకున్న మనుషులు వాళ్ల కంటికి కౌలుదార్లుగా కనిపించడం మొదలైంది. కౌళ్లు పెరిగాయి. మనుషులకంటే గొర్రెలు లాభమని తేలిన చోట లోయలకు లోయలే ఖాళీ చేయించారు. తీరాన సముద్రపు నాచు కాల్చి బూడిద అమ్ముకునే పని కొంతకాలం అన్నం పెట్టింది. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక దాని ధర కూడా పడిపోయింది. 1846 నుంచి బంగాళాదుంపకు తెగులు పట్టి కరువు వచ్చింది.

1773లో ‘హెక్టర్’ అనే ఓడ రెండు వందలకు దగ్గరగా జనంతో నోవా స్కోషియాలోని పిక్టో రేవుకు చేరింది. దారిలో పసిపిల్లలు చాలామంది చనిపోయారు. ఆ ఓడలో ఛార్జీ కట్టలేని ఒక బ్యాగ్‌పైపు వాద్యకారుణ్ణి దించేయబోతే, అతని వాయిద్యం మాకు కావాలని తోటి ప్రయాణికులు పట్టుబట్టి ఉంచుకున్నారని అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. కేప్ బ్రెటన్‌కు నేరుగా ఓడలు రావడం 1802లో మొదలై నాలుగైదు దశాబ్దాలు సాగింది. ఒకే దీవి నుంచి, ఒకే లోయ నుంచి బయలుదేరినవాళ్లు ఇక్కడా పక్కపక్కనే దిగారు. బారా దీవి వాళ్లకు ఒక ఒడ్డు, హైలాండ్స్‌లోని లొహాబర్ వాళ్లకు ఒక కొండ. పాటలు చెల్లాచెదురు కాకపోవడానికి మొదటి కారణం అదే.

గేలిక్‌లో శోకగీతానికి ఒకే పేరు ఉందా?

కనీసం మూడు మాటలు తెలుసుకోవాలి. శవం దగ్గర ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్ల గుణగణాలు ఎత్తి ఏడ్చేదాన్ని ‘కూన్యగ్’ అంటారు. అప్పటికప్పుడు నోటికి వచ్చింది అల్లుకుంటూ పోవడమే అక్కడ పద్ధతి. డబ్బిచ్చి పిలిపించే ఏడుపుగత్తెలు కూడా ఉండేవారు. చర్చి ఎన్నోసార్లు మందలించి, చివరికి ఆ ఆచారాన్ని అణచేసింది.

‘మరవ్రన్’ అనేది కవి కూర్చుని కట్టే స్మృతిగీతం. ఎవరి కొడుకు, ఎవరి మనవడు, ఎంత దాత, వేటలో ఎంత గురి, ఇంటికి వచ్చినవాళ్లకు ఎలా పెట్టేవాడు అన్నవి ఒక వరుసలో వస్తాయి. ‘కూవ’ వీటన్నిటికంటే విశాలమైన మాట. మనిషి పోయినా, ఊరు పోయినా, ప్రేమించినవాడు రాకపోయినా పాడేది కూవే. బ్యాగ్‌పైపు మీద మాటలు లేకుండా వాయించే శోకరాగానికీ అదే పేరు. వలస వెళ్లినవాడు తన ఊరి కోసం పాడుకున్నదాన్ని శోకగీతంలో కలపాలా అని కొందరు సందేహిస్తారు. ఆ పాటలు కట్టినవాళ్లకు ఆ సందేహం లేదు. చనిపోయిన నాయకుణ్ణి తలచుకునే వరుసలోనే వాళ్లు విడిచిన కొండనూ, వాగునూ, పశువుల పాకనూ పేరుపేరునా తలచుకున్నారు.

శోకగీతం జోలపాటగా మారిందంటారు, నిజమేనా?

నిజమే. ఈ సంప్రదాయాన్ని అర్థం చేసుకోవాలంటే నేనైతే ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. 1570 ఏప్రిల్‌లో గ్లెన్‌స్ట్రేకు చెందిన గ్రెగర్ మాక్‌గ్రెగర్‌ను తల నరికి చంపారు. చంపించింది కాంప్‌బెల్ తెగవాళ్లు. అతని భార్య మేరియన్ కూడా కాంప్‌బెల్ ఇంటి ఆడబిడ్డే. చంకలో చంటిబిడ్డ. భర్తను పొట్టన పెట్టుకున్నవాళ్లు పుట్టింటివాళ్లు. ఆమె పేరున నిలిచిన ‘గ్రిగల్ క్రీయె’ అనే పాట బిడ్డను ఊపుతూ పాడేది. ఊళ్లో మిగతా పడుచులందరూ ఈ రాత్రి హాయిగా నిద్రపోతుంటే, తాను మంచం అంచున కూర్చుని రెండు చేతులూ కొట్టుకుంటున్నానని అంటుంది. ఓక్ మొద్దు మీద అతని తల పెట్టారని, నేల మీద రక్తం ఒలికిందని, చేతిలో ఒక గిన్నె ఉంటే ఆ రక్తం కడుపారా తాగేదాన్నని అంటుంది. రాగం మాత్రం మెత్తగా, ఊయల ఊగినట్టే సాగుతుంది.

వినేవాళ్లకు ఒళ్లు జలదరించే ఆ రక్తం మాట ఈమె ఒక్కదానిదే కాదు. పోయినవాడి రక్తం తాగుతాననడం గేలిక్, ఐరిష్ శోకాల్లో పాత మాట. రెండు వందల ఏళ్ల తర్వాత, 1788లో, స్కాల్పే దీవికి చెందిన ఆనీ కాంప్‌బెల్ కాబోయే భర్త ఆలన్ మారిసన్ తుఫానులో ఓడతో సహా మునిగిపోయాడు. ‘ఆలెన్ దూన్’ అనే ఆమె శోకంలోనూ అదే కోరిక వస్తుంది, నీటిలో మునిగి చచ్చిన నీ గుండె రక్తం తాగుతానని. నాలుగు శతాబ్దాల క్రితం మేరియన్ పేరు మీద నిలిచిన పాటను తల్లులు ఇప్పటికీ జోలగా పాడుతున్నారు. ఊయల పక్కన చోటు దొరికింది కాబట్టే ఆ శోకం అంతకాలం నిలిచింది. ఊయల తర్వాత దానికి దొరికిన రెండో చోటు పనిబల్ల.

పనిపాట అంటే ఏ పని? అక్కడికి ఏడుపు పాట ఎలా వచ్చింది?

మగ్గం నుంచి దింపిన ఉన్నిగుడ్డ వదులుగా, గరుకుగా ఉంటుంది. దాన్ని తడిపి, బల్ల మీద వేసి, గంటల తరబడి బాది నలిపితే పోగులు దగ్గరపడి దట్టమవుతుంది. అప్పుడే అది గాలికీ వానకూ ఆగుతుంది. ఈ పనిని గేలిక్‌లో ‘లూఅగ్’ అంటారు. తడపడానికి పాతరోజుల్లో పులియబెట్టిన మూత్రం వాడేవారు. అది ఉన్నిలోని జిడ్డు తీస్తుంది, రంగును పట్టి ఉంచుతుంది.

పొడవాటి బల్లకు రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు. గుడ్డ అంచు రెండు చేతులతో పట్టుకుని బల్లకేసి ఒక దెబ్బ, ముందుకు ఒక తోపు, మళ్లీ తమవైపు ఒక లాగు, పక్కవాళ్లకు అందింపు. అలా గుడ్డ సూర్యుడు తిరిగే దిక్కునే బల్ల చుట్టూ తిరుగుతుంది. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్లందరూ పల్లవి అందుకుంటారు. మధ్యమధ్య గుడ్డ అంచు మీద నడివేలు ఆనించి ఎన్ని వేళ్ల వెడల్పుకు తగ్గిందో కొలుస్తారు. చాల్లేదంటే ఇంకో పాట.

ఒకే గుడ్డ మీద ఒకే పాట రెండుసార్లు పాడకూడదని, పాడితే కీడని వాళ్ల నమ్మకం. గుడ్డ ఎంతకీ దట్టం కాదు, పాడిన పాట మళ్లీ పాడరాదు. అందుకే లయకు ఒదిగిన ప్రతి పాటా బల్ల మీదికి వచ్చేది. ప్రేమపాట, ఎగతాళి పాట, యుద్ధాల పాట, మునిగిపోయినవాడి మీద పడుచుపిల్ల ఏడ్చిన ఏడుపు, అన్నీ. ‘ఆలెన్ దూన్’ అలాగే పనిపాటైంది. రోకలిపోటుకు సీతమ్మ కష్టాలు పాడిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా తోచదు. శవం దగ్గరి ఏడుపును చర్చి ఆపగలిగింది. బల్ల దగ్గరి పాటను ఆపాలంటే జనానికి వేరే దుప్పట్లు ఇవ్వాలి.

స్కాట్లండ్‌లో ఇది ఆడవాళ్ల పనే. కేప్ బ్రెటన్‌కు వచ్చాక మగవాళ్లు కూడా బల్ల చుట్టూ చేరారు. అక్కడి రికార్డుల్లో వినిపించే మొరటు మగ గొంతుల పల్లవి అందువల్ల వచ్చిందే. హెబ్రిడీస్ రికార్డులకూ వీటికీ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

పల్లవుల్లో ‘హీ రీ హో రో’ లాంటి మాటలకు అర్థం ఉందా?

నిఘంటువులో దొరికే అర్థం లేదు. అలాగని ఇష్టం వచ్చినట్టు మార్చేయకూడదు. ఏ పాట అచ్చులు ఆ పాటవే. చరణం మరచిపోయినవాళ్లు కూడా పల్లవిలోని ఆ పలుకులను పట్టుకుని పాటను గుర్తుపడతారు.

వలస వెళ్లిన కవులు కట్టిన పాటల్లో ముందు ఏది వినాలి?

జాన్ మాక్లీన్ పాట. 1787లో టిరీ దీవిలో పుట్టాడు. కోల్ దీవి ప్రభువుకు ఆస్థానకవి అని పేరు. 1819లో భార్యాబిడ్డలతో నోవా స్కోషియాకు ఓడ ఎక్కాడు. అతనితో పాటు పాత గేలిక్ కవిత్వపు రాతప్రతులు కూడా సముద్రం దాటాయి. ఆ తరం కవులందరిలో ఆస్తి అంటూ కాగితాలు మోసుకెళ్లినవాడిగా అతనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

దిగిన చోట అడవి. చెట్లు అరుదుగా ఉండే, నాలుగు దిక్కులా సముద్రం కనిపించే దీవిలో పెరిగినవాడికి ఆకాశం కనిపించని అడవి ఎలా ఉంటుందో ఊహించండి. అతను కట్టిన పాటను ‘ఎ ఖోల్యె ఘ్రూఅమఖ్’ అంటారు. చివరి మాటను కోపంతో ముఖం ముడుచుకున్న మనిషి గురించి కూడా వాడతారు. కాబట్టి ఆ పేరును నేను ‘ముఖం ముడుచుకున్న అడవి’ అని తెలుగు చేస్తాను. ఒంటరిగా ఉన్నాను, మనసు ఒకచోట నిలవడం లేదు, రాగం ఎత్తలేకపోతున్నాను అని మొదలవుతుంది. రాగం రావడం లేదన్న మాటనే రాగంలో పెట్టి చరణం తర్వాత చరణంగా పాడాడు. చలి, నరకాల్సిన చెట్లు, విషపు ముక్కుతో కుట్టే దోమ, ఇక్కడ అన్నీ దొరుకుతాయని ఊరించి ఓడ ఎక్కించినవాళ్ల అబద్ధాలు, అన్నీ పేరుపేరునా వస్తాయి.

ఒక విషయం గమనించండి. ఊరి మీద బెంగ అనే ఒక్క మాటతో అతను సరిపెట్టుకోలేదు. దోమ కూడా పాటకెక్కింది. ఆ పాట నేటికీ నిలబడింది ఈ పట్టింపు వల్లనే.

అయితే వలస వెళ్లినవాళ్లందరూ ఏడుస్తూనే ఉన్నారా?

లేదు, ఈ అపోహ పోవాలి. 1775 ప్రాంతంలో కేప్ బ్రెటన్‌లో చలికాలం గడిపిన మైకేల్ మాక్‌డొనాల్డ్ అనే నావికుడు ఆ చోటు ఎంత అందంగా ఉందో అంటూ పాట కట్టాడు. 1786లో తన ఊరివాళ్లతో ఇప్పటి ఒంటారియోలోని గ్లెన్‌గారీకి బయలుదేరిన ఆనా మాక్‌గిల్లిస్ కెనడాను పొగుడుతూ పాడింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది కేప్ బ్రెటన్‌లోని మాబూ కొండ మీద జరిగిన వాదం. లొహాబర్ నుంచి 1834లో వచ్చిన జాన్ మాక్‌డొనాల్డ్‌ను ‘వేటగాడు’ అనేవారు. జింకల కోసం కొండలెక్కిన మనిషి ఇక్కడి మంచులో ఇంట్లో కూర్చోవలసి వచ్చి, ఈ అమెరికా ఖండం మీదే కోపంగా పాట కట్టాడు. అతనికంటే ముందే, 1816లోనే, వచ్చి స్థిరపడిన ఆలన్ మాక్‌డొనాల్డ్‌కు అది నచ్చలేదు. పాటతోనే జవాబు చెప్పాడు. అక్కడ కౌలు కట్టలేక దొర ముందు తల వంచిన రోజులు మరచిపోయావా, ఇక్కడ నేల నీది, పైన దొర లేడు అని ఎత్తిపొడుపు. ఇద్దరి పాటలూ పక్కపక్కనే నిలిచాయి, ఒకటి పాడితే రెండోది గుర్తుకొచ్చేట్టుగా. వలసను ఒక్క గొంతుతో చెప్పించాలనుకునేవాళ్లు ఈ జంటను వినాలి.

‘కెనడియన్ బోట్ సాంగ్’ గేలిక్ పాటే కదా?

1829లో బ్లాక్‌వుడ్స్ పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చిన ఇంగ్లీషు కవిత అది. గేలిక్ పడవపాటకు అనువాదమని అందులో చెప్పారు. ఆ గేలిక్ మూలం ఇంతవరకూ బయటపడలేదు. కలలో హెబ్రిడీస్ చూసుకునే వలసదారుడి బొమ్మ ఇంగ్లీషు చదివేవాళ్ల మనసుల్లో నాటుకుపోయింది దానివల్లే. మంచి కవితే. కానీ గేలిక్‌లో పాడుకున్నవాళ్ల గొంతు వినాలంటే అక్కడ వెతకకండి.

కెనెడీ అంత్యక్రియల్లో వాయించినది గేలిక్ శోకరాగమా?

రాగం గేలిక్‌దే. 1963 నవంబరు 25న బ్లాక్ వాచ్ అనే స్కాట్లండ్ సైనిక దళపు పైపర్లు, అంటే బ్యాగ్‌పైపు వాద్యకారులు, ‘పొగమంచు కప్పిన కొండలు’ వాయించారు. అయితే 1856లో బాలహూలిష్‌కు చెందిన జాన్ కామెరన్ కట్టిన ఆ పాట మాటలు చావు గురించి కావు. నా కొండలు మళ్లీ చూస్తాను, నా భాష వింటాను, నావాళ్లు ఎదురొస్తారు అనే ఇంటిదారి పాట అది. కేప్ బ్రెటన్‌లో కూడా దాన్ని ఎంతో ప్రేమగా పాడతారు.

అచ్చమైన శోకరాగం కావాలంటే ‘హా చీల్ మీ తుల్యగ్’ వినండి. ఇక తిరిగి రాను అని అర్థం. మాక్రిమన్ వంశపు పైపర్ల పేరుతో చెప్పుకునే ఈ రాగాన్ని వలస ఓడలు రేవు విడిచేటప్పుడు వాయించేవారని చెబుతారు.

చర్చివాళ్లు పాటను పూర్తిగా వ్యతిరేకించారా?

ఊరిని బట్టి. కేప్ బ్రెటన్ కాథలిక్ పల్లెల్లో పాట, ఫిడేలు, నాట్యం బాగానే సాగాయి. ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన కఠినమైన బోధకులున్న చోట లోకపు పాట పాపమన్నారు. వాళ్లలో అందరికంటే పేరుపడ్డ నార్మన్ మాక్లియడ్ 1851లో సెయింట్ ఆన్స్ నుంచి జనాన్ని వెంటబెట్టుకుని ఓడలో ఆస్ట్రేలియాకు, అక్కడి నుంచి న్యూజిలాండ్‌లోని వైపూకు వెళ్లిపోయాడు. కానీ ఆ ప్రెస్బిటేరియన్ల దగ్గరే ఇంకో నిధి ఉంది. గేలిక్ కీర్తనలో ఒకరు పంక్తి అందిస్తే, సభ అంతా ఎవరి గమకం వారిదిగా దాన్ని సాగదీసి పాడుతుంది. అలలు ఒకదాని మీద ఒకటి విరిగినట్టు ఉంటుంది. కేప్ బ్రెటన్ నార్త్ షోర్ వైపు ఊళ్లలో పనిపాటలూ, కీర్తనలూ రెండూ బతికాయి.

కొత్త నేల మీద కొత్త శోకగీతాలు పుట్టాయా?

పుట్టాయి, అదీ ఊరూరా. నీట మునిగిన కుర్రాడు, ఊరిని నిలబెట్టిన పాదిరి, బోస్టన్ వైపు పనికి వెళ్లి శవంగా తిరిగొచ్చిన కొడుకు, ఎవరు పోయినా ఊరి కవి పాట కట్టేవాడు. ఇలాంటి ఊరి కవులకు కవిత్వం వృత్తి కాదు. సేద్యం, చేపలవేట, బడి పంతులు పని చేసుకుంటూ కట్టినవే అన్నీ. మార్గరీ ప్రాంతంలో 1929లో కన్నుమూసిన మాల్కం గిల్లిస్ అలాంటి బడిపంతులే, ఫిడేలు కూడా వాయించేవాడు.

పాత మరవ్రన్ వరుస మారలేదు. మారింది పొగడ్తలోని వస్తువు. కత్తి, వేటకుక్క, మద్యశాల స్థానంలో తలుపు తెరిచి ఉంచిన ఇల్లు, పొరుగువాడి పొలంలో చేసిన సాయం వచ్చాయి. కేప్ బ్రెటన్‌లోని సిడ్నీ పట్టణంలో 1892 నుంచి 1904 దాకా జొనాథన్ మాకిన్నన్ ‘మాక్ తల్ల’ అనే పత్రిక నడిపాడు. ప్రతిధ్వని అని ఆ మాటకు అర్థం. మొదటి పుట నుంచి చివరి పుట వరకు గేలిక్‌లోనే ఉండేది. ఊళ్లలో కట్టిన పాటలు అచ్చులో చదువుకునే భాగ్యం వాళ్లకు అలా కలిగింది.

ఈ పాటలను ఎవరు సేకరించారు?

జాన్ మాక్లీన్ మనవడు అలెగ్జాండర్ మాక్లీన్ సింక్లేర్ తాత పాటలనూ, ఆ రాతప్రతుల్లోని పాత కవిత్వాన్నీ 19వ శతాబ్దం చివర వరసగా అచ్చువేయించాడు. 1937లో జాన్ లార్న్ కాంప్‌బెల్, మార్గరెట్ ఫే షా దంపతులు బారా నుంచి వచ్చిన కుటుంబాల ఇళ్లకు మైనపు గొట్టాల మీద రికార్డు చేసే యంత్రంతో వెళ్లారు. నాలుగైదు తరాల కిందట దీవి విడిచినవాళ్ల పాటలను, దీవిలోనే ఉండిపోయినవాళ్ల పాటలతో పోల్చి చూడాలన్నది వాళ్ల ఆలోచన. హెలెన్ క్రైటన్, కేలమ్ మాక్లియడ్ సేకరణ 1964లో వచ్చింది. జాన్ షా 1970ల చివర నుంచి ఇంటింటికీ తిరిగి రికార్డు చేసినవి సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

వీళ్లందరి టేపుల్లో పాటతో పాటు ఇంకొకటి వినిపిస్తుంది. పాడేవాళ్లు ముందుగా ఆ పాట ఎవరిది, ఎవరి మీద కట్టారు, తాము ఎవరి నోట నేర్చుకున్నారు అని చెబుతారు. ఆ కథ లేకుండా పాట మొదలుపెట్టడం వాళ్ల దృష్టిలో మర్యాద కాదు.

ఇప్పటికీ పాడుతున్నారా?

పాడుతున్నారు, కానీ తక్కువమంది. బడిలో గేలిక్ మాట్లాడితే దెబ్బలు తిన్న తరం తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడింది. ఆ తెంపు నుంచి భాష ఇంకా కోలుకోలేదు. 1938లో సెయింట్ ఆన్స్‌లో మొదలైన గేలిక్ కళాశాల, అయోనాలోని హైలాండ్ గ్రామ మ్యూజియం, 2006లో నోవా స్కోషియా ప్రభుత్వం పెట్టిన గేలిక్ వ్యవహారాల కార్యాలయం ఉన్నాయి. వేసవిలో క్రిస్మస్ ఐలండ్ వంటి ఊళ్లలో బల్ల వేసి దుప్పటి బాదుతూ పాడతారు. ఆ దుప్పటి ఎన్నడో దట్టమైపోయింది. గుడ్డ కోసం ఇప్పుడు ఎవరూ బాదరు, పాట కోసమే బాదుతారు.

గేలిక్ రాకుండా వింటే ఏమైనా అర్థమవుతుందా?

మొదట రెండు మాటలు నేర్చుకోండి. గేలిక్‌లో పాట పాడమని అడిగేటప్పుడు ‘గవ్ ఓరన్’ అంటారు, మాటకు మాట చెబితే ‘పాట తీసుకో’ అని. బాగా పలికే గొంతును ‘బ్లాస్’ ఉందని మెచ్చుకుంటారు. బ్లాస్ అంటే రుచి. వాయిద్యం లేకుండా, గొంతు పెద్దగా ఎత్తకుండా, మాట మింగకుండా పాడితేనే ఆ రుచి. ఏడుపు పాటను కూడా ఏడుస్తూ పాడరు. ముఖంలో భావం చూపించరు. మొదటిసారి వినేవాళ్లకు పొడిగా అనిపిస్తుంది. నాలుగోసారి వినేసరికి ఆ నిబ్బరమే గొంతు పట్టుకుంటుంది.

‘టోబర్ అన్ డూఅల్‌ఖిష్’ అనే వెబ్‌సైటులో స్కాట్లండ్ పాత రికార్డులు ఉచితంగా వినవచ్చు. వారసత్వపు బావి అని దాని పేరు. నోవా స్కోషియా గొంతులకు హైలాండ్ గ్రామ మ్యూజియం వాళ్ల ‘అన్ డ్రొహిజ్’ చూడండి.

వరుస చెప్పమంటే నేను ఇలా చెబుతాను. ముందు గ్రెగర్ జోలపాట. తర్వాత ‘ఆలెన్ దూన్’, ఒకసారి ఒంటరి గొంతులో, ఒకసారి బల్ల దెబ్బలతో. ఆ తర్వాత మాక్లీన్ అడవి పాట. చివరగా కేప్ బ్రెటన్‌లోనే, ఫ్రాంబోయిజ్‌లో, డాన్ అలెక్స్ మాక్‌డొనాల్డ్ 20వ శతాబ్దంలో కట్టిన పాట. కేప్ బ్రెటనే నా ప్రేమ నేల అంటాడు అందులో. ఆ నేలను పొగడడానికి అతను మొదట ఎంచుకున్న మాట చెట్లు.